బెదురు లేని చేపలు

పటాన్‌చెరు నీళ్ళ గురించి ప్రపంచమంతా చదివిన పట్టిక ఒకటుంది. 2007లో ‘జర్నల్ ఆఫ్ హజార్డస్ మెటీరియల్స్’లో అచ్చయింది. రాసినవాళ్ళు ముగ్గురు, స్వీడన్‌లో పనిచేసేవాళ్ళు. వాళ్ళలో మొదటి పేరు యోకిమ్ లార్సన్. దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని తీసుకునే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీళ్ళలో ఏ మందు ఎంత ఉందో అందులో వరసగా ఉంటుంది. పై వరసలో సిప్రోఫ్లాక్సాసిన్, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకి సుమారు 45 కిలోలు బయటికి పోతోందని, స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజుల్లో వాడేది అంత అని వాళ్ళు లెక్కగట్టారు. ఆ పై వరస మీద పత్రికలు రాశాయి, డాక్యుమెంటరీలు వచ్చాయి, మందులకి లొంగని బాక్టీరియా గురించి ఎక్కడ మాట్లాడినా పటాన్‌చెరు పేరు రావడం మొదలైంది.

నేను ఆ పేపరు చదివింది చాలా ఆలస్యంగా, 2021లో. నా కన్ను ఆగింది పై వరస మీద కాదు. కాస్త కింద ఇంకో పేరుంది: సిటలోప్రామ్, లీటరుకి 770 నుంచి 840 మైక్రోగ్రాములు. అది డిప్రెషన్‌కీ ఆందోళనకీ ఇచ్చే మందు. అప్పటికి ఏడాదిగా నేను దాని తమ్ముడిని, ఎస్సిటలోప్రామ్‌ని, రోజూ రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటున్నాను. (తమ్ముడు అనడం కూడా సరికాదు. సిటలోప్రామ్‌లో ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లాంటి రెండు రూపాలు కలిసి ఉంటాయి. వాటిలో పనిచేసే రూపాన్ని విడదీస్తే ఎస్సిటలోప్రామ్.) పెద్ద కారణాలేం లేవు. ఆన్-కాల్ డ్యూటీలు, అర్ధరాత్రి ఫోన్ మోగితే గుండె దడ, మోగకపోతే ఎందుకు మోగట్లేదని దడ. మాత్ర పనిచేసింది. మూడు నాలుగు వారాల్లో ఆ దడ తగ్గింది. మీటింగుల్లో నేను ఎన్నడూ మాట్లాడని మాటలు మాట్లాడాను. మా ఆవిడ ఒకరోజు నవ్వుతూనే అడిగింది, “నువ్వేనా ఇది?” అని.

ఇంకో సంగతి కూడా చెప్పేయాలి. మా నాన్న 90ల మొదట్లో జోగిపేట నుంచి వచ్చి బొల్లారంలో ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఆపరేటర్‌గా చేరాడు. రియాక్టర్ కడిగిన నీళ్ళు ఎటు పోతాయో ఆయనకి తెలుసు. నా ఇంజనీరింగ్ ఫీజు ఆ జీతంలోంచే కట్టాం. కాబట్టి ఈ వ్యాసాన్ని నేను బయట నిలబడి రాయట్లేదు.

మనిషి బెదురు తగ్గించే మందు నీళ్ళలో కలిస్తే చేపకి ఏమవుతుంది? ఈ ప్రశ్నకి ముందు ఇంకో ప్రశ్న ఉంది. అసలు చేపకి బెదురు, తెగువ, గుణం అనేవి ఉంటాయా? చేపలంటే చేపలే కదా, ఒకదానికి ఇంకోదానికి తేడా ఏముంటుంది?

పోయిన చలికాలం పటాన్‌చెరు పక్కన ఒక చెరువు కట్ట మీద వల బాగుచేసుకుంటున్న ముదిరాజు తాతని ఈ మాట అడిగాను. (చెరువు పేరు రాయను. రాస్తే ఆయన చేపలు ఎవరూ కొనరు.) ఆయన నావైపు జాలిగా చూశాడు.

“ఒక్కతీరుగ ఎట్లుంటయి బిడ్డా? వల ఇసిరినమనుకో, కొన్ని దుంకుతయి. కొన్ని బురదల మొకం పెట్టి కదలవు. బుట్ట పెట్టినమనుకో, కొన్ని ఉరికొచ్చి పడ్తయి. కొన్ని చుట్టు తిరిగి తిరిగి సూస్తయి గని లోపటికి రావు. ఒక ఈత రవ్వలే, ఒక్క చెర్ల పెరిగినయే. గుణం గుణమే.”

“తాతా, మరి బుట్టలో ఏవి పడతాయి?”

“దిమాక్ లేనియి,” అని, మళ్ళీ సర్దుకున్నాడు. “దిమాక్ లేనియి గాదు. భయం లేనియి.”

తాత చెప్పిన ఈ బుట్ట ముచ్చటని శాస్త్రం పట్టుకోవడానికి 1993 దాకా ఆగాల్సి వచ్చింది. అమెరికాలో డేవిడ్ స్లోన్ విల్సన్, ఆయనతో పనిచేసినవాళ్ళు, చెరువులో పంప్‌కిన్‌సీడ్ అనే చిన్న చేపల్ని రెండు రకాలుగా పట్టారు. కొన్నిటిని బుట్టలాంటి బోనులతో పట్టారు. అంటే వాటంతట అవే లోపలికి వచ్చినవి. బోనుల్లోకి రాని వాటిని వలతో లాగారు. రెండు గుంపుల్నీ ల్యాబుకి తెచ్చి తొట్లలో వేస్తే, బోనులో పడినవి కొత్త చోటికి తొందరగా అలవాటుపడి ముందుగా మేత తిన్నాయి. అక్కడితో ఆగితే కథ సులువుగా ఉండేది. కానీ చెరువుకీ తోటి చేపలకీ దూరంగా కొన్నాళ్ళు ల్యాబులో ఉంచాక ఆ తేడా మాయమైపోయింది. గుణం చేపలోనే ఉందా, చేపకీ చెరువుకీ మధ్య ఉందా అన్న పేచీ అప్పటినుంచీ ఉంది.

విల్సన్‌కి ముందు 1976లో ఫెలిసిటీ హంటింగ్‌ఫర్డ్ స్టికిల్‌బ్యాక్ చేపల మీద ఒక పేపరు రాసింది. వేలెడంత చేప, వీపు మీద మూడు ముళ్ళు. గూడు కట్టే కాలంలో పక్క మగచేప మీదికి ఎక్కువగా దూకే చేపే, వేటాడే పెద్ద చేప ఎదురైనప్పుడు కూడా తక్కువ బెదురుతోందని ఆమె గమనించింది. చూడ్డానికి చిన్న సంగతే. కానీ శత్రువుతో తెగువ, పొరుగువాడితో కయ్యం అనే రెండు వేరు వేరు పనులకి వెనక ఒకే గుణం ఉందని దానర్థం. ‘వ్యక్తిత్వం’ అనే మాటని చేపకి వాడటానికి మాత్రం శాస్త్రజ్ఞులు చాలా ఏళ్ళు సిగ్గుపడ్డారు. ‘కోపింగ్ స్టైల్’ అన్నారు, ‘బిహేవియరల్ సిండ్రోమ్’ అన్నారు. తాత ఒక్క మాటలో గుణం అనేసిన దానికి ఇన్ని మారుపేర్లు.

మరి ఈ గుణం శరీరంలో ఎక్కడుంటుంది? నాకు బాగా నచ్చిన ప్రయోగం ఇంగ్లండ్‌లో విండర్‌మియర్ సరస్సు ఒడ్డున ఉన్న ల్యాబులో జరిగింది. పాటింజర్, కారిక్ అనే ఇద్దరు రెయిన్‌బో ట్రౌట్ చేపల్ని కాసేపు ఇరుకులో బంధించి, ఆ ఒత్తిడికి రక్తంలో కార్టిసాల్ అనే హార్మోన్ ఎంత పెరుగుతోందో కొలిచారు. బాగా పెరిగేవాటిని ఒక వంశంగా, తక్కువ పెరిగేవాటిని ఇంకో వంశంగా విడదీసి పిల్లలు పెట్టించారు. 1999లో రాసిన పేపరులో ఈ తేడా పిల్లలకీ వస్తోందని చూపించారు. తర్వాత వాటిని జతలుగా ఒక తొట్టిలో వేస్తే, తక్కువ కార్టిసాల్ వంశంలోవే ఎక్కువగా గెలిచి పెత్తనం చేశాయి. కొత్త తొట్టిలో ముందు మేత ముట్టిందీ అవే. అంటే బెదురు కొంత రక్తంలో ఉంది, కొంత వంశంలో ఉంది.

ఇంకొంత మెదడులో ఉంది. స్వీడన్‌లో స్వాంటే విన్‌బర్గ్ లాంటివాళ్ళు 90ల నుంచీ చూపిస్తున్నది ఏమిటంటే, కయ్యంలో ఓడి అణిగి ఉండే చేప మెదడులో సెరొటోనిన్ వ్యవస్థ ఎడతెగకుండా పనిచేస్తూ ఉంటుంది. సెరొటోనిన్ తయారీకి కావలసిన ట్రిప్టోఫాన్‌ని మేతలో పెంచితే ట్రౌట్‌లో దూకుడు తగ్గింది. సిటలోప్రామ్, ఎస్సిటలోప్రామ్ పనిచేసేది ఈ సెరొటోనిన్ మీదే. చేపకీ నాకూ పూర్వీకులు వేరుపడి నలభై కోట్ల ఏళ్ళు దాటింది, అయినా ఆ ఏర్పాటు చాలావరకు అలాగే ఉండిపోయింది. మా పరిభాషలో చెప్పాలంటే లెగసీ కోడ్. నడుస్తోంది కదా అని ఎవరూ ముట్టుకోలేదు.

ఇలా రాస్తే గుణమంతా పుట్టుకతో రాసిపెట్టినట్టే ఉంటుంది. కాదు. ఆ ఇంగ్లండ్ ట్రౌట్‌లని నార్వేకి తరలించినప్పుడు దారిలో ఎక్కువ బక్కచిక్కింది పిరికి వంశమే. అక్కడికి చేరాక మేత దగ్గర తెగువ చూపించింది కూడా అదే! వంశాలు తారుమారయ్యాయి, కార్టిసాల్ తేడా మాత్రం అలాగే ఉంది. 2017లో బెర్లిన్‌లో చేసిన ప్రయోగం ఇంకా విచిత్రం. అమెజాన్ మోలీ అనే చేపల్లో అన్నీ ఆడవే, పిల్లలన్నీ తల్లికి నకళ్ళు. అలాంటి పిల్లల్ని పుట్టిన వెంటనే విడివిడిగా, దాదాపు ఒకేలాంటి తొట్లలో, ఒకేలాంటి మేతతో పెంచారు. జన్యువులు ఒకటే, పెంపకం ఒకటే. అయినా దేని గుణం దానిదే. ఒకే ఇమేజ్ నుంచి లేపిన సర్వర్లలో ఒకటి మాత్రమే ఎందుకు మొరాయిస్తుందని రాత్రంతా వెతికినవాళ్ళకి ఈ ఫలితం పెద్దగా ఆశ్చర్యం కలిగించదు. ఎక్కడో కంటికి ఆనని తేడా ఒకటి ముందుగా పడుతుంది, దాని మీద రోజులు గడిచేకొద్దీ పేరుకుంటుంది. అంటే చేప గుణంలో వంశం ఉంది, హార్మోన్ ఉంది, అనుభవం ఉంది, కాస్త యాదృచ్ఛికం ఉంది. వీటన్నిటి మధ్యా తేలుతున్న సున్నితమైన ఏర్పాటు అది. దాంట్లోకి బయటినుంచి మందు వస్తే?

పటాన్‌చెరులోకి ఆ మందు ఎలా వచ్చిందో క్లుప్తంగా చెప్తాను, ఈ కథ చాలామందికి తెలిసిందే. సోవియట్ సాయంతో హైదరాబాద్‌లో ఐడీపీఎల్ వచ్చింది. మందు అణువు మీద కాక తయారుచేసే పద్ధతి మీద మాత్రమే పేటెంట్ ఇచ్చే 1970 చట్టం వచ్చింది. ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్ళు సొంతంగా ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు. వెనకబడిన మెదక్ జిల్లాలో పారిశ్రామికవాడలకి భూములు, రాయితీలు దొరికాయి. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచే ఎంపీగా గెలిచింది. నీళ్ళకి మాత్రం ఎవరూ దారి ఆలోచించలేదు. అవి వాటి దారి చూసుకున్నాయి: ఇసకవాగు, నక్కవాగు, మంజీర, ఆ తర్వాత గోదావరి. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్ రావు దశాబ్దాలపాటు ఈ నీళ్ళ కోసం కోర్టులూ ఆఫీసులూ తిరిగారు. 90ల నడుమ ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. లార్సన్ బృందం సీసాలు నింపుకున్నది దాని గొట్టం దగ్గరే.

ఈ లార్సన్ అసలు చేపల మనిషి. 1999లో ఆయన రాసిన ఒక పేపరు, గర్భనిరోధక మాత్రలోని హార్మోన్ మురుగునీళ్ళ ద్వారా చేపలకి చేరడం గురించి. మనుషుల ఒంట్లోంచి బయటికొచ్చే మందు చేపని ఏం చేస్తుందని మొదలుపెట్టినవాడు, తయారయ్యే చోటునుంచే మందు వస్తే ఎంత ఉంటుందో చూద్దామని పటాన్‌చెరు నీళ్ళ దాకా వచ్చాడు. 2009లో ఇంకో పేపరు వచ్చింది. ఈసారి చెరువులు, గ్రామాల బావులు కూడా చూశారు. బావులన్నిట్లోనూ మందులు దొరికాయి. కొన్ని బావుల్లో సిటలోప్రామ్ లీటరుకి ఒక మైక్రోగ్రాము దాటింది. ఆ పేపరులో మొదటి పేరు యెర్కర్ ఫిక్, ఉమియో విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రజ్ఞుడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

అదే ఏడాది ఇంకో పని జరిగింది, దీన్ని ఎక్కువమంది పట్టించుకోలేదు. పటాన్‌చెరు గొట్టం నీళ్ళని స్వీడన్ తీసుకెళ్ళి, ఒక వంతుకి 500 వంతుల లెక్కన పలచన చేసి, రెయిన్‌బో ట్రౌట్‌లని అందులో వదిలారు. అంత పలచనలోనూ వాటి జన్యువుల పనితీరు మారింది. చేప చావలేదు, మారింది. విండర్‌మియర్‌లో బెదురు కొలిచినదీ ఈ జాతి చేపలోనే. నాకు చేతులు ఊరుకోక 840ని 500తో భాగించాను. లీటరుకి దాదాపు 1.7 మైక్రోగ్రాములు.

ఈ అంకె ఎందుకు గుచ్చుకుందంటే, 2013 ఫిబ్రవరిలో ‘సైన్స్’ పత్రికలో ఉమియోనుంచి నలుగురు ఒక చిన్న పేపరు వేశారు. చేపల ప్రవర్తన చూసే తోమాస్ బ్రోడిన్ మొదటివాడు, యెర్కర్ ఫిక్ రెండోవాడు. ఆక్సజెపామ్ అనే ఆందోళన మందుని లీటరుకి 1.8 మైక్రోగ్రాముల చొప్పున కలిపిన నీళ్ళలో పెర్చ్ చేపల్ని ఏడు రోజులు ఉంచారు. ఉప్సలా ఊళ్ళోంచి పారే ఫీరిస్ నదిలో పట్టిన చేపల కండలో ఎంత మందు ఉందో, ఏడు రోజుల తర్వాత వీటి కండలోనూ ఇంచుమించు అంతే ఉంది. మామూలుగా పెర్చ్ గుంపు చేప, బెదురు చేప. చీకటి పెట్టెలోంచి కొత్త చోటికి రావడానికి జంకుతుంది. మందు నీళ్ళలో ఉన్నవి జంకు లేకుండా బయటికొచ్చాయి, ఎక్కువ తిరిగాయి, వేగంగా తిన్నాయి, గుంపుని పట్టించుకోవడం మానేశాయి. ఆక్సజెపామ్, సిటలోప్రామ్ ఒకటి కావు. మొదటిది గాబా అనే వేరే దారిలో పనిచేస్తుంది. 1.7, 1.8 పక్కపక్కన రావడం ఉత్త కాకతాళీయం, దానిమీద ఏ రుజువూ నిలబెట్టలేం. కాకపోతే సిటలోప్రామ్‌ని స్టికిల్‌బ్యాక్‌ల మీద చూసినవాళ్ళకి కూడా బెదురు తగ్గడమే కనిపించింది. వరసగా పేపర్లు చదువుతుంటే నాకు మాత్రం ఇలా అనిపించింది: పటాన్‌చెరు బావుల్లో మందుని లెక్కగట్టిన మనిషే, నాలుగేళ్ళ తర్వాత తన దేశపు చేపల్లో దాని గుణం చూశాడు.

ఆ బృందమే 2014లో రాసినది ఇంకా ఇబ్బందిపెడుతుంది. ఆక్సజెపామ్ ఉన్న నీళ్ళలో పెర్చ్‌లు తక్కువ చచ్చాయి. మామూలు నీళ్ళలోవే ఎక్కువ చచ్చాయి. నీటిలో విషం పరీక్ష అంటే మనకి తెలిసింది చచ్చినవి లెక్కపెట్టడమే కదా. ఆ లెక్కన ఈ మందు చేపకి మంచిది అని రాయాలి.

నన్ను పట్టుకున్నది ఇక్కడే. 2017 అక్టోబర్‌లో గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తెల్లగా తేలాయి. ఫొటోలు వచ్చాయి, మత్స్యకారులు పరిహారం అడిగారు. చచ్చిన చేపకి తూకం ఉంటుంది, కిలోకి ఇంత అని రేటు ఉంటుంది, పంచనామా ఉంటుంది. బతికున్న చేప తన గుణం పోగొట్టుకుంటే దానికి ఏ ఫారం నింపాలి? కొంగ నీడ పడితే లోతుకి పోవాల్సిన పిల్ల పైపైనే ఈదుతుంటే, అది నష్టమని ఎవరు సంతకం పెడతారు? నేను చదివిన కాగితాల్లో బీఓడీ, సీఓడీ, టీడీఎస్ ఉన్నాయి. బెదురుకి కాలమ్ లేదు.

2021లోనే, నేను మాత్ర వేసుకుంటున్న ఏడాదే, ఆస్ట్రేలియా నుంచి ఒక పేపరు వచ్చింది. గప్పీ చేపల్ని రెండేళ్ళపాటు ఫ్లూయాక్సెటిన్ కలిపిన నీళ్ళలో పెంచారు. అదీ నా మందు కులానిదే. లీటరుకి మైక్రోగ్రాములో చిన్న వంతు. వాళ్ళు చూసినది సగటున చేప బెదిరిందా లేదా అని కాదు, ఒక చేపకీ ఇంకో చేపకీ తేడా ఎంత ఉందని. మామూలు నీళ్ళలో ఒకటి చురుగ్గా, ఒకటి నెమ్మదిగా, దేని తీరు దానిది. మందు నీళ్ళలో ఆ తేడాలు అరిగిపోయాయి. అన్నీ ఇంచుమించు ఒకేలా ఈదుతున్నాయి. చెరువుకి ఇది చిన్న దెబ్బ కాదు. ఎండాకాలం నీళ్ళు ఇంకినప్పుడు బురదలో కదలకుండా ఉండే చేప కావాలి. వాన పడి కొత్త నీళ్ళు వచ్చినప్పుడు ఎదురెక్కే చేప కావాలి. రెండు రకాలూ ఉంటేనే మరుసటి ఏడాది చెరువులో చేప ఉంటుంది.

నా సంగతికి వస్తే, మందు నన్ను మార్చినందుకు నాకు ఫిర్యాదు లేదు. డాక్టర్ దగ్గరికి నేనే వెళ్ళాను, మోతాదు ఆమె రాసింది, పద్దెనిమిది నెలల తర్వాత ఆమె చెప్పినట్టే మెల్లగా తగ్గించి మానేశాను. నిద్రపట్టని రోజుల్లోకి మళ్ళీ పోవాలని లేదు. చేపని మాత్రం ఎవరూ అడగలేదు. ఉమ్మడి శుద్ధి కేంద్రం నీళ్ళని తర్వాత పైప్‌లైన్ వేసి నగరం మురుగు కాల్వలోకి మళ్ళించారు. అవి అంబర్‌పేట మీదుగా మూసీకి చేరతాయి.

మా నాన్నకి ఇదంతా ఒక ఆదివారం చెప్పాను. పేపరు ఫోన్లో చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని పట్టిక ఒక్కటే చదివాడు. సిటలోప్రామ్ దగ్గర వేలు ఆపి, “ఇది మా దాంట్ల చెయ్యలే,” అన్నాడు. కాసేపాగి, ఇంకో రెండు పేర్ల మీద వేలు పెట్టాడు. “ఇవి చేసినం.”

ఆ చలికాలం పొద్దున తాత వలలో మూడు రవ్వలు, చిన్న కొర్రమట్ట ఒకటి పడ్డాయి. చేపలు ఈమధ్య ఏమైనా మారాయా తాతా, భయం తగ్గిందా, అని అడిగాను. ఆయన కొర్రమట్టని తడి గోనెసంచిలో చుడుతూ, మునుపు కట్ట మీద అడుగు చప్పుడైతే నీళ్ళు కదిలేవని, ఇప్పుడు మనిషి నిలబడ్డా కొన్ని అట్లనే ఉంటున్నాయని చెప్పాడు. మందు వల్లో, మనుషులు ఎక్కువై అలవాటుపడో, ఒక తాత మాటని పట్టుకుని నేను తేల్చలేను. రవ్వ ఒకటి ఇమ్మన్నాను. ఆయన నా చెప్పులకేసి, బైకుకేసి చూసి, “నీకెందుకు బిడ్డా ఇవి, బీరంగూడల కొనుక్కో,” అన్నాడు.

“మరి ఇవి ఎవరు తింటారు తాతా?”

“బీరంగూడలనే అమ్ముత,” అన్నాడు.